బండి తీసేయమంటే ముందు కాగితం అడగండి, తర్వాత వేళల గురించి మాట్లాడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ నాయన పదహారేళ్ళుగా ఒకే రోడ్డు పక్కన ఉగ్గాని, బజ్జీల బండి నడుపుతున్నారు. గుర్తింపు కార్డు ఉంది, బ్యాంకు లోను ఒకటి నడుస్తోంది. ఇప్పుడు ఎవరో వచ్చి "ఈ రోడ్డులో ఇక బండ్లు పెట్టకూడదు, ఊరి చివర స్థలం చూపిస్తాం, అక్కడికి పోండి" అని నోటిమాటగా చెప్పి పోయారు. పోతే గిరాకీ పోతుందని, పోకపోతే బండి ఎత్తుకుపోతారని ఇంట్లో అందరికీ టెన్షన్. కార్డు ఏమన్నా పనికొస్తుందా, ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నోటిమాట మీద బండి కదపాల్సిన పని లేదు. వ్యాపార సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను ఆ చోటు నుంచి కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని చట్టంలో ఉంది. కాబట్టి కార్డు పనికొస్తుంది, ఏ రకం కార్డు ఎంతవరకు అన్నది కింద చెప్తాను. కానీ చట్టం చేతిలో ఉంది కదా అని "మేం కదలం" అని కూర్చుంటే ఎక్కువ రోజులు నిలబడలేరు. అదే చోటులో, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు పెట్టుకుంటామని మీరే ముందు అడగండి. నేను చూసినంతలో బండ్లు నిలిచింది ఎక్కువగా ఈ దారిలోనే.

నేను కర్నూలులో పద్దెనిమిదేళ్ళు దోసెలు, ఉగ్గాని బండి నడిపాను. అంతకుముందు ఆరేళ్ళు వేరే జిల్లాలో ఒక టౌన్‌లో. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మా అబ్బాయికి అప్పజెప్పి, తోటి బండ్ల వాళ్ళకు అర్జీలు రాసిపెడుతూ, వాళ్ళ వెంట ఆఫీసులకు తిరుగుతున్నాను. వకీలును కాను. కింద రాసేదంతా ఆ తిరుగుడులో నేర్చుకున్నదే.

ముందు చట్టం. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, ఆ ఏడాది మే 1 నుంచి అమల్లో ఉంది. అంతకన్నా చాలా ముందు, 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని, అయితే దానికి నియమాలు పెట్టవచ్చని, ఈ చోటే నాకు కావాలనే హక్కు మాత్రం ఎవరికీ లేదని. ఈ చివరి ముక్క మీ నాయనకు కూడా చెప్పండి. పదహారేళ్ళు నిలబడ్డాం కాబట్టి ఆ జాగా మాదే అని చాలామంది పెద్దవాళ్ళు అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. వ్యాపారం చేసుకునే హక్కు ఇస్తుంది, జాగా మీద సొంతం ఇవ్వదు.

2014 చట్టంలో మీకు పనికొచ్చే ముక్కలు ఇవి. ప్రతి టౌన్‌లో పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి నలభై మంది వీధి వ్యాపారులే, వ్యాపారులే ఎన్నుకున్నవాళ్ళు ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. ఈ కమిటీ అయిదేళ్ళకు ఒకసారైనా సర్వే చేయించాలి. సర్వే పూర్తయి అందులో తేలిన వాళ్ళందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 3లో ఉంది. నోటీసు సంగతి సెక్షన్ 18లో, సరుకు పట్టుకుపోయే సంగతి 19లో ఉంటుంది. ఈ మూడు నంబర్లు గుర్తుంటే చాలు, ఆఫీసులో మాట్లాడే తీరు మారిపోతుంది. నేను స్వయంగా చూశాను.

ఇంకా ముఖ్యమైనవి చట్టం వెనక షెడ్యూళ్ళలో ఉన్నాయి, వాటిని ఎవరూ చదవరు. ఊరిని మూడు రకాల జోన్లుగా చేయాలి: అడ్డు లేనివి, షరతులతో పెట్టుకునేవి, అసలు పెట్టకూడనివి. మూడో రకాన్ని ఇష్టం వచ్చినట్టు ప్రకటించడానికి లేదు. ముందు నుంచి ఉన్న సంతను, జనం అలవాటుగా చేరే బజారును అందులో వేయకూడదు. జనం ఎక్కువగా ఉన్నారన్న ఒక్క కారణం చాలదు. చెత్త, మురికి అన్న కారణం కూడా, అది కేవలం బండ్ల వల్లే వచ్చి మునిసిపాలిటీ చేతనైన పనితో పోనప్పుడే చెల్లుతుంది. సర్వే, ప్లాను కాకముందే ఒక రోడ్డును 'నో వెండింగ్' అనడం కుదరదు. కాబట్టి మీరు మర్యాదగా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: "సార్, ఈ రోడ్డు ఏ జోన్‌లో ఉంది? కమిటీ తీర్మానం కాపీ ఇప్పిస్తారా?" అర్జీ రాసి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

ఇప్పుడు మీ కార్డు. అందరూ కార్డు, కార్డు అంటారు గానీ అందులో రెండు రకాలు ఉంటాయి. ఒకటి సర్వేలో పేరు ఉందని మెప్మా (పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ద్వారా వచ్చే గుర్తింపు కార్డు. రెండోది ఫలానా చోట, ఫలానా వ్యాపారం చేసుకోవచ్చని చెప్పే సర్టిఫికెట్. మీ దగ్గర ఏది ఉందో తిప్పి చూడండి. చోటు పేరు రాసి ఉందా? 'ఒకచోట నిలిచేది' అని ఉందా, 'తిరిగేది' అని ఉందా? గడువు ఎప్పటిదాకా? చాలా కార్డుల మీద తిరిగే బండి అని రాసి ఉంటుంది, మనిషి మాత్రం పదేళ్ళుగా ఒకేచోట ఉంటాడు. నోటీసు మాట వచ్చినప్పుడు ఇదే మనకు అడ్డం తిరుగుతుంది. అలా ఉంటే ఇప్పుడే మార్పించమని అర్జీ పెట్టండి. గుర్తింపు కార్డు మాత్రమే ఉంటే సర్టిఫికెట్ కోసం ఒక అర్జీ పెట్టి, సెక్షన్ 3 మాట అందులోనే రాయండి. ఇంకో సంగతి, బండిని ఇంట్లోవాళ్ళు నడపవచ్చు, బయటివాళ్ళకు అద్దెకు మాత్రం ఇవ్వకూడదు. అద్దెకు ఇచ్చినట్టు తేలితే సర్టిఫికెట్ రద్దు చేయవచ్చు. అలాంటిదేమన్నా ఉంటే ముందే సరిచేసుకోండి.

కార్డు కాక మిగతా రుజువులు కూడా కూడబెట్టండి. ఆశీలు, అంటే బండి పెట్టుకున్నందుకు వసూలు చేసే రుసుము, కట్టిన చీట్లు ఉంటే బంగారం. మీ లోను పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన లోను పథకం) అయితే ఆ కాగితం కూడా మంచి రుజువే, ఎందుకంటే ఆ పథకం మొదలైనప్పుడు 2020 మార్చి 24 నాటికే వ్యాపారం చేస్తున్నవాళ్ళకని పెట్టారు. పాత ఫోటోలు, ఆ వీధిలో షాపుల వాళ్ళు రాసిచ్చే మాట, అన్నీ పనికొస్తాయి. అన్నిటినీ జిరాక్స్ తీయించి ఒక సెట్టు వేరే ఇంట్లో పెట్టండి. ఈ మాట ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలులోకి వచ్చినప్పుడు నా బండి దొరికింది, కాగితాలు దొరకలేదు. పదిహేను రోజులకు బండి మళ్ళీ పెట్టగలిగాను. నేను ఎన్నేళ్ళ నుంచి అక్కడ ఉన్నానో మళ్ళీ రుజువు చేసుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

ఊరి చివరి స్థలం గురించి నా అనుభవం చెప్తాను, ఎందుకంటే మీ భయం నిజమైనదే.

ఆ పాత టౌన్‌లో మేం ఇరవై రెండు బండ్లం ఉండేవాళ్ళం. బస్టాండు దగ్గర్నుంచి లేపి ఒక మైదానంలోకి పంపారు. రోడ్డు మీద పోయేవాళ్ళకు మేం కనిపించం. లైట్లు పెడతాం అన్నారు, కొళాయి ఇస్తాం అన్నారు, మేం నమ్మి పోయాం. బస్టాండు దగ్గర నాకు రోజుకు పద్దెనిమిది వందల గల్లా ఉండేది. మైదానంలో మొదటి వారం రోజుకు మూడు, నాలుగు వందలు దాటలేదు. నానబెట్టిన బొరుగులు, రుబ్బిన పిండి మిగిలిపోయేవి. రెండు నెలలకు కొంచెం పెరిగి ఎనిమిది వందల దగ్గర ఆగింది. అప్పటికి పద్నాలుగు బండ్లు దొంగతనంగా మళ్ళీ రోడ్ల మీదికి పోయాయి. ముందు పోయింది టీ బండి. టీ బండి పోతే టిఫిన్ బండి నిలవదు, ఎందుకంటే జనం రెండూ ఒకచోట ఉంటేనే ఆగుతారు. నేను అరవై రోజులు అక్కడే కూర్చున్నాను. డైలీ ఫైనాన్సు అతనికి రోజుకు వంద కట్టాలి. పదివేలు అని చెప్పి ఎనిమిదిన్నర వేలే చేతికిచ్చి, వంద రోజులు వంద చొప్పున వసూలు చేస్తారు కదా, ఆ లెక్క. బేరం లేని రోజు ఆ వంద కోసం ఇంకొకరి దగ్గర తెచ్చాను. చివరికి నా భార్య చెవి కమ్మలు పోయాయి. ఆ తర్వాతే కర్నూలుకు వచ్చేశాం.

ఇది చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. చోటు మారడమే తప్పదనుకుంటే, కదలకముందే ఏమేం అడగాలో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు. లైటు, నీళ్ళు, మరుగుదొడ్డి మీరు పోకముందే ఉండాలి, పోయాక కాదు. స్థలం రోడ్డు మీదికి కనపడాలి. బండ్లన్నీ, టీ, పాన్ బండ్లతో సహా, ఒకే రోజు పోవాలి. ఖాళీ అయిన పాత చోటులో కొత్తవాళ్ళు వచ్చి కూర్చోకుండా చూసే బాధ్యత ఎవరిదో కాగితం మీద ఉండాలి. చట్టం షెడ్యూలు కూడా వీలైనంత వరకు తరలింపు వద్దనే చెప్తుంది. తప్పనిసరి అయితే ఆ వ్యాపారులను కలుపుకొని ప్లాను చేయాలని, కొత్త చోటులో సంపాదన కనీసం పాత స్థాయికి రావాలని అందులో ఉంది. ఆ వాక్యాన్ని అర్జీలో అలాగే రాయండి.

ఇప్పుడు వేళల సంగతి. నా సమాధానంలో మీకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే అనుకుంటున్నాను.

తిండి బండికి రోజంతా రోడ్డు అవసరం లేదు. ఈ మాట మనకు తెలుసు, ఆఫీసులో కూర్చున్నవాళ్ళకు తెలియదు. ఏడేళ్ళ కిందట కర్నూలులో మా రోడ్డు మీద కూడా ఇదే గొడవ వచ్చింది. పదకొండు బండ్లు. పక్కనే ఒక స్కూలు, రెండు స్కానింగ్ సెంటర్లు. మేం ఏం చేశామంటే, మూడు రోజులు పొద్దున అయిదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా గంట గంటకు ఎంత బేరం అయిందో, రోడ్డు ఎప్పుడు కిక్కిరిసిందో ఒక నోటు పుస్తకంలో రాశాం. మా అబ్బాయే రాశాడు. చూస్తే నా గల్లాలో సగానికి పైగా ఆరు నుంచి ఎనిమిదింబావు మధ్యలోనే ఉంది. రోడ్డు కిక్కిరిసేది ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర, స్కూలు వదిలే వేళ. అంటే వాళ్ళకు రోడ్డు కావాల్సిన టైమూ, మాకు కావాల్సిన టైమూ చాలా వరకు వేరు.

ఆ పుస్తకం పట్టుకుని పోయి, పొద్దున ఎనిమిదింబావుకు బండ్లు తీసేస్తాం, మళ్ళీ సాయంత్రం ఆరుకు పెడతాం అన్నాం. బండ్ల ముందు తెల్లగీత గీసుకుంటాం, గిరాకీ వాళ్ళ బైకులు గీత దాటకుండా మా మనిషే చూస్తాడు అన్నాం. మొదట నోటిమాటగా సరే అన్నారు. మేం ఊరుకోకుండా తిరిగి తిరిగి కమిటీ మీటింగు రికార్డులో రాయించుకున్నాం. ఇలా వేళలు పంచుకుని వ్యాపారం చేసే పద్ధతి చట్టం షెడ్యూలులోనే ఉంది, మేం కొత్తగా కనిపెట్టింది కాదు. తొమ్మిది బండ్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మిగతా రెండు నిలవలేదు. ఒకటి మధ్యాహ్నం అన్నం బండి, ఒక అక్క నడిపేది. ఆమె బేరమంతా పన్నెండు నుంచి మూడు లోపలే. మా ఒప్పందంలో ఆమె వేళ పోయింది. వేరే వీధిలో చోటు చూపించాం గానీ మునుపటి బేరం రాలేదు. మాట్లాడే రోజు ఆమె వేళను కూడా గట్టిగా అడిగి ఉండాల్సింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది. మీరు వేళలు రాసేటప్పుడు మీ నాయన బండి ఒక్కటే కాకుండా అందరి బండ్లూ రాయండి.

మునిసిపాలిటీ, ట్రాఫిక్ వాళ్ళు చెప్పే కారణాలు అన్నీ వంకలని నేను అనను. మన బండి మూడడుగులే ఉన్నా, దాని ముందు ఆగిన ఆరు బైకులు రోడ్డును సగం తింటాయి. అంబులెన్సు ఇరుక్కోవడం నేను కళ్ళారా చూశాను. కడిగిన నీళ్ళు, మాడిన నూనె కాలవలో పోస్తే కాలవ పూడుకుపోతుంది. ఇంటి గ్యాస్ సిలిండరు బండి మీద వాడటం నేరం, ప్రమాదం కూడా. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై నుంచి నిషేధం. న్యూస్ పేపర్లో బజ్జీలు పొట్లం కట్టడం ఒంటికి మంచిది కాదు. వీటిలో ఏ ఒక్కటి మీ బండి మీద ఉన్నా, మాట్లాడటానికి పోకముందే మానేయండి. కమర్షియల్ సిలిండరు, మూత ఉన్న చెత్త డబ్బా, మూత ఉన్న నీళ్ళ డ్రమ్ము, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కాగితం బండి మీద కనపడేలా ఉంటే మీ మాటకు బరువు వస్తుంది.

కానీ ఇక్కడ అధికారులు కూడా గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది, నేను ప్రతి మీటింగులో చెప్తున్నాను. ఎప్పుడు తరుముతారో తెలియని బండి శుభ్రంగా ఉండలేదు. పరిగెత్తాల్సి వస్తుందని అనుకున్నవాడు వంద లీటర్ల డ్రమ్ము ఎందుకు పెట్టుకుంటాడు? అద్దాల పెట్టె చేయించుకోవడానికి డబ్బు ఎందుకు పెడతాడు? పట్టుకుపోతే పోతుంది కదా. ఒక బకెట్టు నీళ్ళలోనే ప్లేట్లన్నీ ముంచి తీస్తాడు, పొద్దున వేయించిన నూనెనే రాత్రికీ వాడతాడు. మా రోడ్డులో వేళలు ఖాయమయ్యాక ఆరు నెలల్లో ఏడు బండ్లకు అద్దాల పెట్టెలు వచ్చాయి. ఎవరూ ఆర్డరు వేయలేదు.

బండ్లు పోతే నష్టం బండివాడికే అనుకోవడం కూడా తప్పు. పెద్దాసుపత్రి దగ్గర రోగి వెంట వచ్చిన పల్లెటూరి వాళ్ళు, మార్కెట్ యార్డు హమాలీలు, రూములు తీసుకుని చదువుకునే పిల్లలు, వీళ్ళ పొద్దుటి కడుపు నిండేది బండి దగ్గరే. హోటల్లో కూర్చుంటే అయ్యే ఖర్చు వాళ్ళు పెట్టలేరు. మీ అర్జీ మీద ఇలాంటి గిరాకీ వాళ్ళ సంతకాలు ఓ యాభై పెట్టించండి. అడిగితే సంతోషంగా పెడతారు.

ఇవన్నీ చేస్తుండగానే ట్రాక్టరు వచ్చేస్తే? మొదటి మాట, చేయి చేసుకోవద్దు, బండికి అడ్డం పడుకోవద్దు. ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకున్నారని కేసు పడితే మిగతా వాదనంతా పక్కకు పోతుంది. ఫోనులో వీడియో తీస్తూ, పట్టుకుపోయే ప్రతి వస్తువుకూ సంతకం పెట్టిన జాబితా అడగండి. అది ఇవ్వాల్సిందేనని సెక్షన్ 19లో ఉంది. ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగతా సామాను రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. నోటీసు గడువు దాటినా ఖాళీ చేయకపోతే వేయగల జరిమానా రోజుకు 250 రూపాయలు మించకూడదు. రసీదు లేకుండా డబ్బు ఇవ్వకండి, ఎవరు అడిగినా సరే.

కమిషనర్ ఆఫీసులో అర్జీ ఇచ్చాక ఒక కాపీ మెప్మాలో, ఒకటి కలెక్టరేటులో సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇవ్వండి. అప్పటికీ కదలకపోతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఒక్కరే పోకండి. మీ రోడ్డు బండ్లన్నీ కలిసి ఒకే అర్జీ పెట్టండి, నలుగురు పోండి, మాట్లాడటం మాత్రం ఒకరే మాట్లాడండి.

ఒక హెచ్చరిక. మీ రోడ్డు రైల్వే స్థలంలో ఉంటే నేను పైన చెప్పిన చట్టం అక్కడ వర్తించదు. స్టేషన్ బయట బండ్లు పెట్టేవాళ్ళు ఈ తేడా తెలియక చాలా నష్టపోతారు. స్థలం ఎవరిదో వార్డు సచివాలయంలో ముందే కనుక్కోండి.

లోను వాయిదాల గురించి కూడా అడిగారు. బండి ఆగిన నెలలో కట్టలేకపోతే బ్యాంకుకు ముందే పోయి చెప్పండి, నోటీసు కాపీ చూపించండి. వాయిదా కోసం డైలీ ఫైనాన్సు వైపు మాత్రం పోవద్దు తమ్ముడూ. చెవి కమ్మలతో మొదలైంది ఎక్కడిదాకా పోతుందో నేను చూసినవాణ్ణి.

చివరగా మీ నాయన వయసు మీరు రాయలేదు. ఆయనకు ఏమన్నా అయినా, పనిచేయలేని జబ్బు వచ్చినా, సర్టిఫికెట్ ఉంటే దాని గడువు తీరేదాకా మీ అమ్మగానీ ఆయన మీద ఆధారపడిన పిల్లలుగానీ అదే చోట వ్యాపారం కొనసాగించవచ్చు. అందుకని సర్వే వాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో వాళ్ళందరి పేర్లూ ఆ ఫారంలో రాయించండి. ఈ వారంలో అర్జీ ఇచ్చి, ఏం జవాబు వచ్చిందో ఇక్కడే రాయండి. నోటీసు వస్తే అందులో మాటలు ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి పెట్టండి, జవాబు ఎలా రాయాలో నేను చెప్తాను.